పౌరుడంటే ఎవరు? పేట నుంచి 1989ని చదవడం

'పౌరుడు' అనే మాట 'పురం' నుంచి పుట్టింది. పురంలో ఉండేవాడు పౌరుడు, నగరంలో ఉండేవాడు నాగరికుడు. మరి పురానికి బయట, ఊరి మురుగు పారే వైపు కట్టుకోనిచ్చిన మాలపేటలో, మాదిగపేటలో ఉండేవాడిని ఏమనాలి? 1950 జనవరి 26 తర్వాత రాజ్యాంగం ప్రకారం అతనూ పౌరుడే, ఆమె కూడా పౌరురాలే. కానీ మాట తన పుట్టుకను అంత తేలిగ్గా వదులుకోదు. ఎవరైనా 'పౌర సమాజం' అన్నప్పుడు, 'పౌర ఉద్యమం' అన్నప్పుడు, ఆ పురం గోడ ఎక్కడిదాకా ఉంది, మన పేట దానికి లోపల ఉందా బయట ఉందా అని చూసుకోవాల్సిన అవసరం దళితులకు ఇంకా తీరలేదు.

ఆ చూపుతోనే మేం ఇక్కడ 1989ని చదువుతున్నాం. ఆ సంవత్సరం పోలండ్, హంగరీ, తూర్పు జర్మనీ, చెకోస్లొవేకియాలలో కమ్యూనిస్టు పార్టీల పాలన దాదాపు రక్తపాతం లేకుండా ముగిసింది. ముగించింది ఆయుధం పట్టని మామూలు జనం. ఆ ఉద్యమాల వారసత్వం గురించి ప్రపంచమంతా రాశారు, రాస్తున్నారు. మనవైపు మాత్రం దాన్ని దళితుల ప్రశ్నగా చదివినవాళ్లు చాలా తక్కువ. మా వాదన సూటిగా చెప్తాం. ఆ వారసత్వంలో రెండు సంగతులున్నాయి. ఒకటి పద్ధతి: తమ పేరు మీద మాట్లాడే అధికారాన్ని, ఆయుధం లేకుండా, లెక్క చెప్పమని నిలదీయడం. ఇది మనకి కొత్త కాదు, మన సొంతం కూడా. రెండోది మనిషి: ఆ నిలదీసే 'పౌరుడు'. ఇతన్ని విమర్శ లేకుండా తెచ్చుకుంటే మనమే నష్టపోతాం.

రెండు కథలు

తెలుగునాట 1989 గురించి రెండు కథలు చెలామణీలో ఉన్నాయి. ఒకటి వామపక్షాల కథ: అదంతా సామ్రాజ్యవాదుల కుట్ర, రివిజనిస్టుల ద్రోహం. రెండోది మార్కెట్ కథ: సోషలిజం చచ్చిపోయింది, ప్రైవేటు పెట్టుబడి గెలిచింది. 1991 జూలైలో మన దేశంలో సరళీకరణ మొదలయ్యాక ఈ రెండో కథకి గిరాకీ మరీ పెరిగింది. రెండు కథలకీ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ వీధిలోకి వచ్చిన మనిషి కనపడడు. ఒక కథలో అతను కీలుబొమ్మ, ఇంకో కథలో కొనుగోలుదారు.

అసలు జరిగిందేమిటి? పోలండ్‌లో 1980 ఆగస్టులో గ్దాన్స్క్‌లోని లెనిన్ నౌకానిర్మాణ కేంద్రంలో సమ్మె మొదలైంది అన్నా వలెంటినోవిచ్ అనే క్రేన్ నడిపే కార్మికురాలిని ఉద్యోగంలోంచి తీసేసినందుకు. ఆమెను మళ్లీ తీసుకోవాలన్నది మొదటి డిమాండ్లలో ఒకటి. అక్కడి నుంచి 'సాలిడారిటీ' పుట్టింది, దాదాపు కోటిమంది సభ్యులయ్యారు. కార్మికుల పేరుతో పాలించే పార్టీకి కార్మికులే ఎదురు తిరిగారు. 1981 డిసెంబర్ 13న సైనిక శాసనం పెట్టారు, నాయకుల్ని జైళ్లలో వేశారు, వుయెక్ గనిలో తొమ్మిదిమంది కార్మికుల్ని కాల్చి చంపారు. అయినా ఉద్యమం తుపాకీ పట్టలేదు. 1989 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రభుత్వం వాళ్లతోనే ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. జూన్ 4న ఎన్నికలు జరిగాయి, పార్టీ ఓడింది. సరిగ్గా అదే రోజు బీజింగ్‌లో ట్యాంకులు జనాన్ని చంపాయి. శాంతి దానంతటది రాదని, రెండు వైపులా ఎవరో ఒకరు దాన్ని ఎంచుకోవాలని ఆ ఒక్క తేదీయే చెప్తుంది.

తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో 1989 అక్టోబర్ 9న సుమారు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. బలగాలు సిద్ధంగా ఉన్నాయి, కానీ కాల్చలేదు. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. వాళ్ల నినాదం 'మేమే ప్రజలం' అని. ప్రజల పేరుతో నలభై ఏళ్లు మాట్లాడిన పార్టీకి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? మన పేరు మీద ఇతరులు మాట్లాడటం అంటే ఏమిటో దళితులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గాంధీ మాట్లాడాడు, కాంగ్రెస్ మాట్లాడింది, కమ్యూనిస్టులు మాట్లాడారు. అందుకే ఆ నినాదం మనకు దగ్గరగా వినిపిస్తుంది.

అంబేద్కర్ వేసిన ప్రశ్న

ఈ పద్ధతి గురించి మనకు 1989 దాకా ఆగే అవసరం రాలేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగాడు. ఆయుధం లేదు, నీళ్లు మాత్రమే. 1956 నవంబర్ 20న ఖాట్మండులో బౌద్ధుల ప్రపంచ సభలో ఆయన బుద్ధుణ్ణీ మార్క్స్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. దోపిడీ పోవాలన్న గమ్యంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదన్నాడు. తేడా దారిలో ఉందన్నాడు. హింసతో, నియంతృత్వంతో తెచ్చిన మార్పు ఆ బలం తీసేస్తే నిలుస్తుందా అని అడిగాడు. ఆ ప్రసంగానికి పదహారు రోజుల ముందు, నవంబర్ 4న, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగి హంగరీ తిరుగుబాటును అణిచేశాయి. ముప్పై మూడేళ్ల తర్వాత ఆ దేశంలోనే ఆయన ప్రశ్నకి జవాబు దొరికింది. బలం తీసేసరికి వ్యవస్థ నిలవలేదు.

అయితే అంబేద్కర్‌ని ఇక్కడ తేలిగ్గా వాడుకోకూడదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయనే, ఇకమీదట సత్యాగ్రహాలూ సహాయ నిరాకరణలూ మానేయాలన్నాడు. వీధి ఉద్యమాలకు ఆయన వ్యతిరేకి అని చెప్పడానికి చాలామంది దీన్ని ఎత్తి చూపుతారు. ఆయన చెప్పిన కారణం కూడా చదవాలి గదా. రాజ్యాంగబద్ధమైన దారులు మూసుకుపోయిన చోట మిగతా పద్ధతులకు సమర్థన ఉంటుందని, దారులు తెరిచి ఉన్నప్పుడు ఉండదని ఆయన వాదన. ఆ కొలతతో చూస్తే వార్సాలో, లైప్‌జిగ్‌లో, ప్రేగ్‌లో వీధిలోకి రావడం న్యాయమే. నిజమైన ఎన్నిక లేదు, స్వతంత్ర పత్రిక లేదు. కాబట్టి ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: దారి ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది?

దుకాణదారుడూ గోదాములో మనిషీ

ఈ ప్రశ్నతో ఆ ఉద్యమాల ముఖ్యమైన రచన ఒకదాన్ని చూద్దాం. చెక్ నాటకకర్త వాత్స్లవ్ హావెల్ 1978లో 'నిర్బలుల బలం' అని చెప్పదగ్గ పెద్ద వ్యాసం రాశాడు. 1989 డిసెంబర్ 29న ఆయన ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. వ్యాసంలో కూరగాయల దుకాణం నడిపే మనిషి ఒకడుంటాడు. ఉల్లిపాయలూ క్యారెట్ల మధ్య, ప్రపంచ కార్మికులు ఏకం కావాలనే బోర్డు పెడతాడు. దాన్ని అతను నమ్మడు, పైవాళ్లు ఇచ్చారు గనక పెడతాడు. అలాంటి లక్షలమంది నటన మీదే వ్యవస్థ నిలబడి ఉందని, అతను ఒకరోజు బోర్డు తీసేస్తే పునాది కదులుతుందని హావెల్ వాదన. గొప్ప వాదనే. అధికారం పైన మాత్రమే లేదు, మన లోబడటంలోనూ ఉందన్నది కుల వ్యవస్థకీ వర్తిస్తుంది. వెట్టి మానేసిన రోజున, డప్పు కొట్టనన్న రోజున ఊరు ఎందుకు ఉలిక్కిపడిందో మనకి తెలుసు.

కానీ బోర్డు తీసేసిన దుకాణదారుడికి ఏం జరుగుతుందని హావెల్ రాశాడు? మేనేజరు పని పోతుంది, గోదాముకు మారుస్తారు, జీతం తగ్గుతుంది, పిల్లల పెద్ద చదువులకు అడ్డం పడతారు. ఇక్కడ మేం ఆగుతున్నాం. శిక్షగా అతన్ని పంపే ఆ గోదాములో మొదటి నుంచీ బస్తాలు మోస్తున్నది ఎవరు? వాళ్లు ఏ బోర్డు తీసినందుకు అక్కడున్నారు? వాళ్ల పిల్లలకు పెద్ద చదువులు ఏ నేరానికి అందలేదు? దుకాణదారుడికి శిక్ష అయినది వాళ్లకి మామూలు బతుకు. ఈ ప్రశ్న ఆ వ్యాసంలో లేదు. హావెల్ పౌరుడికి పోగొట్టుకోవడానికి ఒక స్థానం ఉంది. స్థానమే లేనివాడి తిరుగుబాటు వేరేగా ఉంటుంది, దానికి పడే శిక్ష కూడా వేరేగా ఉంటుంది. కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర పశువుల కుడితి కలవకుండా అడ్డం పడిన మాదిగలకు జీతం తగ్గలేదు. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగుర్ని చంపారు.

గెలిచాక గోడ

ఇది సిద్ధాంతంలో మిగిలిన చిన్న ఖాళీ మాత్రమే అయితే వదిలేయొచ్చు. గెలుపు తర్వాత ఆ ఖాళీ చట్టమైంది. చెక్ దేశంలో, స్లొవేకియాలో రోమా ప్రజలున్నారు. వాళ్ల భాష మన దేశపు ఉత్తరాది భాషలకు చుట్టం, పూర్వికులు వందల ఏళ్ల కిందట ఇక్కడి నుంచే వెళ్లారని పండితులు చెప్తారు. వాళ్లు దళితులేనని మేం అనడం లేదు. ఊరి చివర ఉంచడం, దొంగ ముద్ర వేయడం, పిల్లల్ని వేరు బడికి పంపడం మనం గుర్తుపట్టగలం, అంతే.

కమ్యూనిస్టు ప్రభుత్వం రోమాలకు పని ఇచ్చింది, ఇళ్లిచ్చింది. దాంతోపాటు వాళ్ల సంచార జీవితాన్ని చట్టం పెట్టి ఆపింది, ఆడవాళ్లకి ఒత్తిడి మీద, డబ్బు ఆశ చూపి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. దీన్ని బయటపెట్టినవాళ్లలో హావెల్ ఉన్న 'చార్టర్ 77' బృందమూ ఉంది. 1978లోనే రోమాల స్థితి మీద అది ఒక పత్రం వెలువరించింది. ఆ న్యాయం వాళ్లకి చేయాలి. కానీ 1993లో చెకోస్లొవేకియా రెండుగా విడిపోయినప్పుడు కొత్త చెక్ రాజ్యం పౌరసత్వ చట్టం చేసింది. అక్కడి రోమాలలో ఎక్కువమంది యుద్ధం తర్వాత స్లొవేకియా నుంచి వచ్చిన కుటుంబాలు. కారణం, చెక్ ప్రాంతపు పాత రోమాల్ని నాజీలు దాదాపు తుడిచిపెట్టారు. కొత్త చట్టం వాళ్లని దరఖాస్తు పెట్టుకోమంది, ఐదేళ్లుగా ఏ నేరశిక్షా లేదని చూపమంది. పుట్టి పెరిగిన దేశంలో వేలమంది పరాయివాళ్లయ్యారు. పౌర ఉద్యమం గెలిచిన నాలుగేళ్లకి పౌరసత్వమే పోయింది! 1999 సవరణతో గానీ ఆ చిక్కు చాలావరకు తీరలేదు.

అదే 1999 అక్టోబర్‌లో ఉస్తీ నాద్ లాబెమ్ పట్టణంలో మాతిచ్నీ వీధిలో రోమాల ఇళ్లకీ మిగతావాళ్ల ఇళ్లకీ మధ్య స్థానిక అధికారులు గోడ కట్టారు. బెర్లిన్ గోడ పడి పదేళ్లు నిండబోతున్న సమయం అది. దేశ దేశాల నిరసన తర్వాత నవంబర్‌లో కూల్చారు. ఓస్త్రావా నగరంలో రోమా పిల్లల్ని మానసిక ఎదుగుదల లేనివాళ్ల బడులకు పంపుతుంటే 18 మంది పిల్లల తరఫున కేసు వేశారు. అది వివక్షేనని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2007 నవంబర్ 13న తీర్పు చెప్పింది. ఆపరేషన్లకు గురైన స్త్రీలకు నష్టపరిహారం చట్టం 2021లో వచ్చింది. పోలండ్ కార్మికుల కథా అంతే. ఉద్యమం పుట్టిన గ్దాన్స్క్ నౌకా కేంద్రం 1996లో దివాలా తీసింది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు మంత్రులయ్యారు, క్రేన్లు నడిపినవాళ్లు ఇంటికి పోయారు.

మన దేశపు లెక్క

యూరప్ సంగతి మనకెందుకు అనేవాళ్ల కోసం మన దేశంలోకే వద్దాం. ఇక్కడ కూడా కమ్యూనిస్టు ప్రభుత్వాలు పౌర ఉద్యమాల వల్ల పడిపోయాయి. కేరళలో 1957లో ఎన్నికైన నంబూద్రిపాద్ ప్రభుత్వం మీద 'విమోచన సమరం' నడిచింది. నడిపింది నాయర్ సర్వీస్ సొసైటీ, కాథలిక్ చర్చి, కాంగ్రెస్. ప్రైవేటు బడుల యాజమాన్యాల మీద అదుపు పెట్టే విద్యా బిల్లు, భూసంస్కరణల బిల్లు వాళ్ల కోపానికి కారణాలు. 1959 జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. అదీ జనం వీధిలోకి వచ్చిన ఉద్యమమే. కానీ ఎవరి భూమి కోసం, ఎవరి బడి కోసం? పొలంలో పనిచేసే పులయలకి ఆ విమోచనలో ఏం ఒరిగింది? అలాగని కమ్యూనిస్టులకి పూర్తి మార్కులు వేయలేం. తర్వాత వచ్చిన భూసంస్కరణల్లో కౌలుదారులకు పొలం దక్కింది, దళిత కూలీలకు ఎక్కువగా దక్కింది గుడిసె వేసుకున్న చోటే.

పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చిన రెండేళ్లకే, 1979లో, దండకారణ్యం శిబిరాల నుంచి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి చేరిన శరణార్థులను దిగ్బంధం చేశారు, కాల్పులు జరిపారు, మే నెలలో ఖాళీ చేయించారు. వాళ్లలో ఎక్కువమంది నామశూద్రులు. చనిపోయినవాళ్ల సంఖ్య మీద ఇప్పటికీ వివాదమే. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో రసాయన పరిశ్రమల కేంద్రం కోసం భూమి తీసుకోవడాన్ని ఎదిరించిన రైతుల మీద కాల్పుల్లో 14 మంది చనిపోయారు. ఆ ఏడాది నవంబర్‌లో కలకత్తా మేధావులు, కళాకారులు, విద్యార్థులు వేలాదిగా నడిచారు. 2011లో 34 ఏళ్ల పాలన ఓటుతో ముగిసింది. 2007లో కదిలిన కలకత్తా 1979లో ఆ స్థాయిలో కదలలేదు. నందిగ్రామ్ త్యాగాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. పౌర సమాజం ఎప్పుడు మేలుకుంటుంది, ఎవరి చావుకు మేలుకుంటుంది అన్నది లెక్క వేయాల్సిన విషయమని అంటున్నాం.

ఒకే ఆగస్టు

తెలుగు నేల మీద ఈ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆగస్టు 19న మాస్కోలో కుట్ర జరిగింది, జనం ట్యాంకులకు అడ్డం నిలబడ్డారు, మూడు రోజుల్లో కుట్ర విఫలమైంది. రెండూ ఒకే నెలలో. మాస్కోలో ఏం కూలిపోయిందన్న చర్చకి మన వామపక్షాలు ఎన్నో పేజీలు ఇచ్చాయి. చుండూరులో ఏం కూలకుండా నిలబడి ఉందన్న చర్చను మొయ్యాల్సింది దళితులే అయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది.

పీపుల్స్ వార్‌ని 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి నిర్మించిన దళితుడు కె.జి. సత్యమూర్తి. కవిగా శివసాగర్. పార్టీలో కులం ప్రశ్న ఎత్తాక ఆయన బయటికి రావాల్సి వచ్చింది, తర్వాత దళిత ఉద్యమంలో నడిచాడు. రాజ్యం చేతికి రాకముందే ఒక పార్టీ తన లోపలి మాటని ఇట్లా భరించలేకపోతే, రాజ్యం వచ్చాక ఏం చేస్తుందన్నది ఊహించుకోవచ్చు. 1989 మనకి చెప్పగలిగిన పాఠాల్లో ఇదొకటి. మన వామపక్షాలు దీన్ని వినకుండా కుట్ర కథ దగ్గరే ఆగిపోయాయి.

అయితే ఆయుధం లేని నిలదీతకి తెలుగు దళితుల దగ్గర సొంత చరిత్ర ఉంది. కారంచేడు తర్వాత మాదిగలు ఊరు వదిలి చీరాలలో శిబిరం వేసుకున్నారు. తిరిగి ఆ ఊరికి పోమన్నారు. ఊరికి కూలీ లేకుండా చేయడం, ఊరి అధికారానికి తమ ఒప్పుకోలు ఇవ్వకపోవడం, హావెల్ చెప్పిన బోర్డు తీసేయడం కంటే ఖరీదైన పని. అందులోంచి బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. చుండూరు మృతులను ఊరి నడిబొడ్డునే పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. ఊరి బయట ఉండాల్సినవాళ్లు ఊరి మధ్యలో శాశ్వతంగా చోటు తీసుకున్నారు. పౌరుడనే మాటకి ఇంతకంటే పెద్ద సవరణ ఏ రాజ్యాంగ సభలోనూ జరగలేదు. హక్కుల ఉద్యమంలో కూడా మాట మారింది. పౌరహక్కుల సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన కె. బాలగోపాల్ 1998లో విడిపోయి, సహచరులతో మానవ హక్కుల వేదిక పెట్టాడు. రాజ్యం చేసే హింసతోపాటు కులం, పితృస్వామ్యం చేసే హింసనీ, ఉద్యమాలు చేసే హింసనీ ప్రశ్నించాలన్నది ఆ విడిపోవడం వెనకున్న వాదన. 'పౌర' నుంచి 'మానవ'కి జరిగిన ఆ మార్పు పేరులో మార్పు మాత్రమే అనుకుంటే పొరపాటు.

నక్కపల్లి బల్ల

ఈ చర్చ అంతా ఎందుకంటే, మేం ఈ వ్యాసం రాస్తున్న నక్కపల్లిలో ఇప్పుడు ఒక బల్ల వేస్తున్నారు. ఇది 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న మండలం. ఎస్సీలకు రిజర్వు చేసిన పాయకరావుపేట నియోజకవర్గంలోది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్ కోసం ఇక్కడ భూములు తీసుకున్నారు. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుంచి బల్క్ డ్రగ్ పార్కుకి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు సముద్రం పాడవుతుందని, బతుకు పోతుందని ఆందోళనకు దిగారు. ఆయుధం పట్టలేదు. టెంటు వేసుకుని కూర్చున్నారు, రోడ్డు మీద కూర్చున్నారు. మొదటి వారసత్వం, పద్ధతి, ఇక్కడ బతికే ఉంది.

రెండోదాని సంగతేమిటి? ఇక్కడ కమ్యూనిస్టు పాలన లేదు, ఎన్నికలున్నాయి, చట్టాలున్నాయి. అంబేద్కర్ మాట ప్రకారం దారులు తెరిచి ఉన్నట్టే. దగ్గరికెళ్లి చూస్తే, 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టమంటుంది. ఒకసారి పార్కుకి అనుమతి వచ్చాక, లోపల పెట్టే ఫ్యాక్టరీలకు విడిగా ఆ సేకరణ అక్కర్లేదని కూడా అదే అంటుంది. 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీలనీ కౌలుదార్లనీ ప్రభావిత కుటుంబాలుగా లెక్కించమంటుంది. కానీ జాబితా రాసేవాళ్లు ముందు తెరిచేది అడంగల్. అందులో పట్టాదారుకి ఒక గడి ఉంది, అనుభవదారుకి ఒక గడి ఉంది. కూలికి గడి లేదు. డి-పట్టా భూమి తీసుకుంటే మార్కెట్ విలువ ప్రకారమే పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో మన హైకోర్టు 2004లోనే చెప్పింది. ఆ మాట తమ పేట గడప దాకా వచ్చిందా అని ప్రతి పేటలోనూ అడగాలి.

కాబట్టి ఇక్కడి ఉద్యమాలకి, మత్స్యకార సోదరులకి, హక్కుల సంఘాలకి, విద్యార్థులకి మేం చెప్పదలచుకున్నది ఒకటుంది. శాంతిగా పోరాడండి, అది బలహీనత కాదని 1927 నుంచి 1989 దాకా చరిత్ర చెప్తోంది. కానీ గెలిచాక చూద్దాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. రోమాల కథ చూశాం గదా. కమిటీ వేసిన మొదటి రోజునే పట్టా లేని కూలి పేరు, వల లేని దేవుడి పేరు చెప్పుకు బతికే ఆడమనిషి పేరు, పేట మనిషి పేరు అందులో ఉండాలి. మాట్లాడే వంతు వాళ్లకి ముందు రావాలి. అర్జీలో డిమాండ్లు రాసేటప్పుడు పరిహారం ఎవరెవరికి అన్న జాబితా మనమే తయారు చేయాలి, కూలికి గడి మనమే గీయాలి. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టే తర్వాత గోడ ఎక్కడ లేస్తుందన్నది తేలుతుంది.